ఆ 84 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

సేల్స్, కస్టమర్ కేర్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఒకటి గత వారం మళ్లీ నా ఫోన్‌కి వచ్చింది. ఈసారి రంగుల బొమ్మ కూడా తగిలించారు. అందులో ఉన్నది ఇదీ: ఫోన్‌లో అవతలి మనిషి మీద పడే ప్రభావంలో 84 శాతం గొంతుదే, మాటలది 16 శాతమేనని ఒక అమెరికా ప్రొఫెసర్ శాస్త్రీయంగా తేల్చాడట. కాబట్టి ఏం చెప్పాలన్నది తర్వాత చూసుకో. ముందు నవ్వుతూ మాట్లాడు, కాల్‌లో క్షణం కూడా మౌనం రానివ్వకు, గొంతు తియ్యగా ఉంటే ఎవరికైనా ఏదైనా అమ్మేయొచ్చు.

హైదరాబాద్‌లో కొన్నేళ్లు కాల్ సెంటర్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని పనిచేశాక కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే పనిలో పడ్డాను. ఈ లెక్కను నేనూ ఒకప్పుడు బోర్డు మీద రాసి చూపించినవాణ్నే. అందుకే కాస్త గిల్టీగా, ఒక్కో ముక్కా విడదీసి చెబుతున్నాను.

"శాస్త్రం తేల్చింది" అన్నది మొదటి ముక్క. ఆ ప్రొఫెసర్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఆల్బర్ట్ మెహ్రాబియన్. 1967లో రెండు చిన్న ప్రయోగాలు అచ్చయ్యాయి. ఒకదాంట్లో 'డియర్', 'థ్యాంక్స్', 'టెరిబుల్' లాంటి విడి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించి, పలికిన మనిషికి ఎదుటివాళ్ల మీద ఇష్టం ఉందో లేదో ఊహించమన్నారు. రెండోదాంట్లో 'మేబీ' అనే ఒకే ఒక్క మాటను మూడు రకాలుగా పలికించి, దాంతోపాటు ముఖాల ఫొటోలు చూపించారు. రెండింటినీ కలిపి వేసిన అంచనాయే మాట 7, గొంతు 38, ముఖం 55. మాట ఒకటి, గొంతు మరొకటి చెబుతుంటే వినేవాడు ఇష్టాయిష్టాలను దేన్నిబట్టి పసిగడతాడన్నదే అక్కడి ప్రశ్న. ఇష్టాయిష్టాల సంగతి కాని చోట ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పాడు.

మరి 84? ఫోన్‌లో ముఖం కనిపించదు కాబట్టి ఎవరో 55 తీసేసి, మిగిలిన 45లో 38 ఎంత శాతమో లెక్క కట్టారు. అంతే. ఏ ఫోన్ ప్రయోగం లోంచీ పుట్టిన అంకె కాదది. ముక్కాలి పీటకు ఒక కాలు పీకేసి, మిగతా రెండూ చెరెంత మోస్తాయో క్యాలిక్యులేటర్ మీద చూసుకున్నట్టుంది వ్యవహారం.

ఇక "మాటలు 16 శాతమే" అనేదాని దగ్గరే నాకు ఎక్కువ పేచీ. అసలు ఫోన్ మన గొంతు మొత్తాన్ని మోయదు. పాత టెలిఫోన్ లైన్ మోసేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. 'స'కూ 'ఫ'కూ తేడా చూపించే శబ్దం చాలావరకు ఆ పైనే ఉంటుంది. 4జీ మీద నడిచే వోల్టీ కాల్స్ వచ్చాక దారి వెడల్పయింది గానీ, కాల్ నెట్‌వర్కులు దాటి కాల్ సెంటర్ లైన్ మీదికి వచ్చేసరికి మళ్లీ ఆ పాత ఇరుకు సందులోకే దిగడం మామూలే. చేత్తో చూపించలేం, కాగితం మీద రాసివ్వలేం. కౌంటర్ దగ్గర మూడు దారుల్లో పోయే పని ఇక్కడ మాటల మీదే పడుతుంది.

మన అంకెలనే తీసుకోండి. ఇరవై, అరవై: తేడా మొదటి అచ్చు ఒక్కటే. బైక్ మీద పోతూ వినేవాడికి యాభైకీ ఎనభైకీ కూడా పెద్ద తేడా ఉండదు. మా ఫ్లోర్‌లో ఒకమ్మాయి వాయిదా మొత్తం "ఇరవై రెండు వందలండీ" అంటే, కస్టమర్‌కి "అరవై రెండు వందలు" అని వినపడింది. గొంతుకైతే ఆ కాల్‌లో ఫుల్ మార్కులే. అవతల మాత్రం గొడవ. అప్పటి నుంచి "రెండు వేల రెండు వందలు. రెండు, రెండు, సున్నా, సున్నా" అని చదివి, కస్టమర్ చేత తిరిగి చెప్పించుకోవడం అలవాటు చేశాం. 'మొన్న' అన్న మాటా అంతే. కొందరికి అది నిన్నటికి ముందు రోజు, కొందరికి పోయిన నెలలో ఎప్పుడో. తారీఖు అడగాల్సిందే.

కాల్స్ విని మార్కులు వేసే మా క్వాలిటీ షీట్ కూడా ఈ 84ను నమ్మలేదు. గొంతుకు, మర్యాదకు కొన్ని మార్కులు ఉండేవి. తప్పు సమాచారం ఇస్తే మాత్రం 'ఫేటల్', మొత్తం కాల్‌కే సున్నా.

ఒక ఉదాహరణ చూడండి. ఏటీఎంలో డబ్బు రాలేదు, ఖాతాలో కట్ అయింది. "కంగారు పడకండి, త్వరలోనే వచ్చేస్తుంది" అని ఎంత తియ్యగా చెప్పినా ఆ మనిషి రేపు మళ్లీ కాల్ చేస్తాడు. రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధన ప్రకారం లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే ఆ డబ్బు వెనక్కి వేయాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఇది తెలిసి, ఆ చివరి తారీఖేదో చెప్పగలిగిన ఏజెంట్ గొంతు కాస్త బొంగురుగా ఉన్నా ఎవరికి పట్టింది?

"ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడు": ఇందులో నిజం లేకపోలేదు. నవ్వితే పెదాలు సాగి, గొంతు పలికే తీరు మారుతుంది, అది అవతలికి వినిపిస్తుంది కూడా. తప్పల్లా 'ఎప్పుడూ' అన్న మాటలోనే ఉంది. మేమూ నవ్వు చూసుకోవడానికి ప్రతి డెస్క్ మీదా చిన్న అద్దం పెట్టించాం. ఒకరోజు కొత్త కుర్రాడి కాల్ నేను పక్కన వింటున్నాను. పెద్దావిడ, చనిపోయిన భర్త పేరు మీదున్న నంబరు తీసేయమని అడుగుతోంది. వాడు ఆ అద్దంలో చూసుకుంటూ, నేర్పిన నవ్వుతోనే "తప్పకుండా మేడమ్!" అన్నాడు. ఆవిడ కాసేపు ఆగి, "నవ్వుతున్నావా నాయనా?" అంది. వాడి తప్పేం లేదు, అద్దం పెట్టింది మేం. కాల్ చివర్లో స్క్రిప్ట్ ప్రకారం "మీ రోజు శుభప్రదంగా గడవాలి" అని కూడా చెప్పాడు, అదీ మేం రాసిందే.

మౌనం సంగతి. పది భాషల సంభాషణలను పోల్చిన 2009 నాటి పరిశోధనలో ఒకరు ఆపి మరొకరు అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే పట్టింది. ఫోన్‌లో మాట అవతలికి చేరడానికే దాదాపు అంత ఆలస్యం కావచ్చు. ఆ ఖాళీని 'డెడ్ ఎయిర్' (కాల్‌లో ఎవరూ మాట్లాడని మౌనానికి మా వాళ్ల మాట) అనుకుని ఏజెంట్ దూకేస్తాడు, అదే క్షణంలో కస్టమర్ మొదలుపెడతాడు, ఇక "చెప్పండి", "లేదు, మీరే చెప్పండి" అంటూ ఇద్దరూ ఢీకొంటారు. సిస్టమ్‌లో వెతుకుతున్నప్పుడు సోది చెప్పక్కర్లేదు, "మీ వివరాలు చూస్తున్నాను, అర నిమిషం పడుతుంది" అంటే చాలు. సేల్స్‌లో అయితే ధర చెప్పాక వచ్చే మౌనం కస్టమర్ ఆలోచించుకునే సమయం. కొత్తవాడు ఆ టెన్షన్ తట్టుకోలేక, అవతల ఎవరూ అడక్కుండానే డిస్కౌంట్ ఇచ్చేస్తాడు.

"గొంతు తియ్యగా ఉంటే ఏదైనా అమ్మొచ్చు" అనేవాళ్లు షాద్‌నగర్ వైపు ప్లాట్లు అమ్మే కాల్స్ ఒక పది వినాలి. కొనేవాడు అడిగేది రెండే: గజం ఎంత, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందా. జవాబు మాత్రం అమృతంలాంటి గొంతులో "సార్, ఒక్కసారి సైట్ విజిట్‌కి రండి, క్యాబ్ పంపిస్తాం". మూడోసారి అదే వినపడగానే ఫోన్ కట్.

పైగా ఈ రోజుల్లో మంచి గొంతంటేనే జనానికి భయం. పోలీసులమంటూ ఫోన్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించేవాళ్ల కంటే గొంతు బాగా సాధన చేసినవాళ్లు మన ఫ్లోర్ మీద దొరకరు. అందుకేగా బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్ల సర్వీస్ కాల్స్‌ని గుర్తుపట్టడానికి 1600తో మొదలయ్యే నంబర్లు తెచ్చారు, ప్రచార కాల్స్‌కేమో 140. మా వాళ్లకు ఇప్పుడు మొదటి పది సెకన్లలో చెప్పమనేది ఇంతే: పేరు, కంపెనీ, ఎందుకు చేశాం, ఓటీపీ అడగబోం, అనుమానం ఉంటే కార్డు వెనకున్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

ఇదంతా ఆ మెసేజ్ పంపిన మిత్రుడికి రాశాను. "బానే ఉంది గానీ గురూ, స్లైడ్ మార్చాలి, ఇంతకీ మాటలకు ఎంత శాతం వేయమంటావ్?" అని జవాబిచ్చాడు.