ఇంజనీరుకి నోరు తిరగాలి

పన్నెండేళ్ల అనుభవం వచ్చాక కూడా ఒక మనిషి ఇంకా కోడ్ రాస్తున్నాడంటే అది అతని ఒక్కడి గొడవ కాదు, వంశం పరువు. పెళ్లి సంబంధాల్లో జీతం తర్వాత వచ్చే ప్రశ్న "అబ్బాయి కింద ఎంతమంది పనిచేస్తారండీ?" అని. ఎవరూ లేరని ఏ తల్లి నోరు తెరిచి చెప్పగలదు? కొన్ని కంపెనీల్లో మేనేజరుతో సమానంగా ప్రిన్సిపల్ ఇంజనీర్లూ ఆర్కిటెక్టులూ ఉంటారు, జీతమూ ఏమీ తక్కువ ఉండదు. కానీ సంబంధం తెచ్చిన పెద్దమనిషి లెక్కలో ఆర్కిటెక్ట్ అంటే ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. "మున్సిపాలిటీ పర్మిషన్ కూడా ఆయనే ఇప్పిస్తారా?" అంటే ఏం చెప్తాం?

అందుకని సాంకేతిక నిపుణులకు మాటతీరు నేర్పి, మేనేజర్లను చేసి, ఉద్ధరించే వర్క్‌షాపులు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా జోరుగా నడుస్తుండటం హర్షించాల్సిన విషయం. ఇంజనీరులో లోపం ఎక్కడుందో ఈ శిక్షకులు సరిగ్గానే పట్టుకున్నారు. అడిగినదానికి జవాబు చెప్పేస్తాడు.

శుక్రవారం రిలీజ్ అవుతుందా అని అడిగి చూడండి. శిక్షణ లేని ఇంజనీరు "అవ్వదన్నా. పేమెంట్ మాడ్యూల్‌కి టెస్టింగే మొదలవ్వలేదు, నాలుగు రోజులు పడుతుంది" అనేస్తాడు. ఎంత మొరటుతనం! కారణమూ చెప్పాడు, లెక్కా చెప్పాడు, విన్నవాడు తప్పుకోవడానికి సందు లేకుండా చేశాడు. మొదటి వారం క్లాసులయ్యాక అదే మనిషి "కొన్ని డిపెండెన్సీలు ఉన్నాయి, టీమ్ పుష్ చేస్తోంది" అంటాడు. కోర్సు పూర్తయ్యేసరికి "ట్రాక్‌లోనే ఉన్నాం, పేమెంట్స్ వైపు క్లోజ్‌గా మానిటర్ చేస్తున్నాం" అని స్లైడ్‌లో ఆకుపచ్చ చుక్క పెడతాడు. ఐటీవాళ్లు దీన్నే పుచ్చకాయ స్టేటస్ అంటారు. పైన పచ్చన, కోస్తే ఎర్రన. కోసే రోజుకి మనవాడు ఇంకో ప్రాజెక్టులో ఉంటాడు. నాయకత్వ లక్షణమంటే అదే.

అప్రైజల్ వేళ ఈ విద్య విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అర్ధరాత్రి లోపం కనిపెట్టి చప్పుడు చెయ్యకుండా సరిచేసిన అమ్మాయికి "విజిబిలిటీ పెంచుకోవాలి" అని రాస్తారు. అలాంటి లోపాన్నే వదిలేసి, సర్వర్ పడిపోయాక అందరినీ కాల్‌లోకి లాగి, గంటకోసారి అప్‌డేట్ మెయిల్ కొట్టినవాడికి అవార్డు. న్యాయమే. జరగని ప్రమాదాన్ని స్లైడ్ మీద ఎలా చూపిస్తాం?

ఇంజనీర్లందరూ మాటల మాంత్రికులని నేను అనను. ఎర్రర్ లాగ్ మొత్తం అతికించి, కింద "ప్లీజ్ చెక్" అని క్లయింటుకి పంపేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి శిక్షణ కావాల్సిందే. అసలు సంగతి మొదటి వాక్యంలో రాయి, నీకేం కావాలో రెండో వాక్యంలో అడుగు, అంతే. ఒక్క పూటలో అయిపోయే చదువు కాబట్టి దీన్ని ఆర్నెల్ల కోర్సుగా అమ్మడం కష్టం.

గూగుల్ తన మేనేజర్లనే పరిశీలించి, ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో మంచి మేనేజరుకి ఎనిమిది లక్షణాలు తేల్చింది. 2011లో ఆ జాబితా బయటికొచ్చినప్పుడు సాంకేతిక నైపుణ్యం అట్టడుగున ఉంది. వర్క్‌షాపులకి ఇంతకంటే పండగేముంది! అయిదోది మాత్రం గబుక్కున తిప్పేస్తారు. బాగా మాట్లాడాలి, టీమ్ చెప్పేది వినాలి అని ఉంది అక్కడ. మొదటి సగానికి ఫీజు ఉంది, రెండో సగానికి క్లాసే లేదు.

ఇంజనీర్లకి చెప్పడం రాకే అనర్థాలు జరుగుతాయన్న సిద్ధాంతానికి అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ ప్రమాదం కాస్త అడ్డొస్తుంది. బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయొకాల్ కంపెనీలో రోజర్ బోయిజోలీ అనే ఇంజనీరు, అతుకుల దగ్గర వేడి గ్యాసు బయటికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగుల సంగతి పట్టించుకోకపోతే ప్రాణాలు పోతాయని 1985 జులైలోనే పైవాళ్లకి మెమో రాశాడు. అందులో డిపెండెన్సీలూ లేవు, ఆకుపచ్చ చుక్కా లేదు. 1986 జనవరి 27 రాత్రి ఫోన్ సమావేశంలో ఇంజనీర్లు ఇంత చలిలో ప్రయోగం వద్దన్నారు. వాళ్ల చార్టులు గజిబిజిగా ఉన్నాయని తర్వాత పండితులు తప్పుపట్టారు. ఉండొచ్చు. "వద్దు" అన్న మాటలో మాత్రం గజిబిజి లేదు. అది నాసా అధికారులకి రుచించలేదు. అప్పుడు కంపెనీ పెద్ద ఒకాయన, ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంట్ బాబ్ లండ్‌ని ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. లండ్ పెట్టుకున్నాడు. ఇంత త్వరగా ముగిసిన మేనేజ్‌మెంట్ శిక్షణ ఇంకోటి ఉండదేమో. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకి వ్యోమనౌక ముక్కలైంది. అందులోని ఏడుగురూ పోయారు.

కనుక పైమెట్టు మీదివాళ్లకి కూడా ఒక బ్యాచ్ పెట్టమని శిక్షకులకి మనవి. సిలబస్ చిన్నదే. ఎదుటివాడు "అవ్వదు" అన్నప్పుడు, అవ్వాలంటే ఏం కావాలో అడగడం. అడిగాక అతని జవాబు పూర్తయ్యేదాకా ఆగడం. రెండోది కష్టం, దానికి ప్రాక్టికల్స్ పెట్టాలి. ఫీజు ఎలాగూ కంపెనీయే కడుతుంది, సర్టిఫికెట్ లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోవచ్చు, కాబట్టి చేరేవాళ్లకి కొదవ ఉండదు. క్లాసు నడుస్తుండగా కెమెరా ఆపేసి ఇంకో మీటింగ్‌లో మాట్లాడకుండా చూసుకుంటే చాలు.