నోవా చల్లారాక మొదలయ్యే లెక్కలు

1934 డిసెంబర్ 13 వేకువన ఇంగ్లండ్‌లోని స్టోమార్కెట్‌లో ప్రెంటిస్ అనే ఔత్సాహిక పరిశీలకుడి కంట హెర్క్యులిస్ తారామండలంలో ఒక నోవా, అంటే పేలుడుతో హఠాత్తుగా వెలిగి కొత్త నక్షత్రంలా కనిపించే తార, పడింది. పది రోజులు తిరగకముందే అది ఆకాశంలోని ప్రకాశవంతమైన తారల సరసన చేరింది. మరుసటి ఏడాది వసంతంలో ఉన్నట్టుండి బాగా మసకబారింది. పేలుడులో ఎగసిన వాయువులు చల్లబడి ధూళిగా మారి కాంతిని అడ్డుకున్నాయని, ఆ ధూళి పలచబడ్డాక వెలుగు కొంత తిరిగి వచ్చిందని తరువాత తేలింది. ఇంతవరకు లోకం ఆసక్తిగా చూసింది, ఆపైన మరచిపోయింది.

కానీ డీక్యూ హెర్క్యులిస్ అని పిలిచే ఈ నోవా అసలు గుట్టు విప్పింది మరో ఇరవై ఏళ్లకు, 1954లో. అది ఒంటరి తార కాదని, 4 గంటల 39 నిమిషాలకొకసారి తోడు నక్షత్రం శ్వేత కుబ్జాన్ని (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన చిన్న, దట్టమైన తారను), దాని చుట్టూ తిరిగే వాయుచక్రాన్ని మరుగుపరుస్తోందని ఖగోళ శాస్త్రవేత్త మెర్ల్ వాకర్ కనుగొన్నారు. నోవాలన్నీ జంట నక్షత్రాల్లోనే సంభవిస్తాయన్న అవగాహనకు బాట వేసింది ఈ గ్రహణాలే. వాకర్ కొలతల్లోనే 71 సెకన్ల క్రమబద్ధమైన మిణుకు కూడా బయటపడింది. తోడు నుంచి జారిపడే వాయువును శ్వేత కుబ్జపు అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అక్కడ పుట్టిన వికిరణం ఆ కుబ్జంతోపాటు తిరుగుతూ వాయుచక్రాన్ని తడుముతుంది. గ్రహణం సాగుతున్నంతసేపూ ఈ మిణుకుల వేళ క్రమంగా మారుతూ పోతుంది. మనకు చేరే మిణుకు కాంతిలో ఎక్కువ భాగం చక్రం మీద పడి తిరిగి వెలువడిందేనని శాస్త్రజ్ఞులు గ్రహించింది ఆ మార్పు వల్లనే. అంత చిన్న తేడాను పట్టుకోవడానికి కావలసింది పెద్ద టెలిస్కోపు అద్దం కన్నా తెగని ఓపిక.

ఇటువంటి పనికి నిధులు అడిగితే పెదవి విరిచే ధోరణి మంచిది కాదని మా అభిప్రాయం. గ్రహణ వేళల్లో దశాబ్దాలుగా కనిపిస్తున్న స్వల్పమైన ముందువెనుకలకు కారణం తోడు నక్షత్రపు అయస్కాంత చలనాలా, మరొకటా అన్నది ఏళ్లతరబడి ఒకే తారను విడవకుండా కొలిస్తేనే తేలుతుంది. పెద్ద టెలిస్కోపుల మీద అంత సమయం ఎవరికీ దొరకదు, దొరకాలని కోరడమూ న్యాయం కాదు. హైదరాబాద్ సమీపాన జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపుతో మనవాళ్లు గ్రహణ జంట నక్షత్రాల కాంతిని ఏళ్లపాటు కొలిచారు. ఆ వేధశాలకు ఆధునిక కెమెరాను, రాత్రి విధులకు తగినంత సిబ్బందిని, పరిసరాల్లో దీపాల వెలుగుపై కట్టడిని కల్పించే బాధ్యతను ప్రభుత్వమూ విశ్వవిద్యాలయమూ పంచుకోవాలి.