అంటార్కిటికాలో హార్లిక్ కొండలు

అంటార్కిటికాలో హార్లిక్ పర్వతాలున్నాయి. మనం పాలలో కలుపుకొని తాగే హార్లిక్స్‌ను తయారుచేసిన అన్నదమ్ముల్లో ఒకరైన విలియం హార్లిక్ పేరే అది. 1933-35 యాత్రకు ఆయన డబ్బిచ్చారు, యాత్ర నాయకుడు రిచర్డ్ బర్డ్ బదులుగా కొండలిచ్చారు. అంతకుముందు యాత్రలోనే అమెరికా సంపన్నులు రాక్‌ఫెల్లర్‌కూ, ఎడ్సెల్ ఫోర్డ్‌కూ ఇలాగే ముట్టజెప్పారు. బ్రిటన్ వారూ తక్కువ తినలేదు. 1908లో షాకిల్టన్ ఎక్కిన మహా హిమానీనదం గ్లాస్గో పారిశ్రామికవేత్త బియర్డ్‌మోర్ పేరు మోస్తోంది. ధ్రువ ప్రాంతాల పటం సాహస గాథ కాదు, చందా పుస్తకం.

డబ్బు లేనిదే ఓడ కదులుతుందా, మనుషులే లేని మంచు ఖండంలో ఎవరి పేరు పెడితే ఎవరికి నష్టం అని అడిగేవారున్నారు. అంటార్కిటికా వరకు ఒప్పుకుంటాను, అక్కడ చెరిపేయడానికి పాత పేర్లు లేవు. కానీ కృతజ్ఞత ముదిరితే లేని కొండలకు కూడా పేర్లు పుడతాయి.

1818లో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ ఆర్కిటిక్‌లో పర్వతాలు దారికి అడ్డొచ్చాయని ఓడ వెనక్కి తిప్పాడు. వాటికి బ్రిటిష్ నౌకాదళ శాఖ కార్యదర్శి క్రోకర్ పేరు పెట్టాడు. మరుసటి ఏడాది పారీ ఆ ‘పర్వతాల’ మీదుగానే ఓడ నడుపుకుంటూ వెళ్లిపోయాడు. అయినా బుద్ధి రాలేదు. 1906లో ఉత్తరాన, సముద్రానికి ఆవల మంచు శిఖరాలు చూశానని అమెరికన్ అన్వేషకుడు రాబర్ట్ పియరీ తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. యాభై వేల డాలర్లిచ్చిన జార్జ్ క్రాకర్ పేరు ఆ నేలకు తగిలించాడు. ఆ రోజుల డైరీలో మాత్రం నేల ఏదీ కనిపించలేదనే ఉంది!

దాన్ని వెతుక్కుంటూ 1914లో డొనాల్డ్ మెక్‌మిలన్ గడ్డకట్టిన సముద్రం మీద కుక్కబళ్లతో బయలుదేరాడు. కొండలు, లోయలు, మంచు శిఖరాలు దిగంతం పొడవునా కనిపించాయి. వెంట ఉన్న ఇనూయిట్ వేటగాడు పియుగాట్టోక్ అది పొగమంచేనని చెప్పాడు. వినకుండా ముందుకే పోయారు. పొద్దు తిరిగేకొద్దీ కొండలు ఆకారం మార్చుకుంటూ రాత్రికి మాయమయ్యాయి. తిరుగు ప్రయాణంలో పియుగాట్టోక్‌ను బృంద సభ్యుడు ఫిట్జ్‌హ్యూ గ్రీన్ కాల్చి చంపాడు. విచారణ కూడా జరగలేదు.

అంటార్కిటికాలో అన్నిటికన్నా ఎత్తైన 4,892 మీటర్ల శిఖరానికి, అక్కడి యాత్రలకు ప్రభుత్వ నిధులు రాబట్టిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ విన్సన్ పేరుంది. మన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినప్పుడు మొదటిది విన్సన్, చివరిది అలాస్కాలోని డెనాలి. స్థానికులు తరతరాలుగా పిలిచిన ఆ డెనాలిని కాదని, అమెరికా అధ్యక్షుడైన మెకిన్లీ పేరు పెట్టారు. 2015లో మళ్లీ డెనాలి అన్నారు, 2025లో ట్రంప్ తిరిగి మెకిన్లీ చేశారు. ఆ మెకిన్లీ అలాస్కాలో అడుగైనా పెట్టలేదు. పని చేసినవారికి కొండ దక్కడం అరుదు. 1971-72లో అంటార్కిటికా తీరాల్లో సీల్‌లను, తిమింగలాలను, పక్షులను లెక్కించిన భారత సంతతి శాస్త్రవేత్త అఖౌరి సిన్హా పేరిట ఒక కొండ ఉంది, అంతో ఇంతో ఊరట.

ట్రంప్‌ను చూసి నవ్వే హక్కు మనకుందా? విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో వైఎస్సార్ పేరు తీసి ఎన్టీఆర్ పేరు పెట్టారు. ధ్రువాల దాతలు చాలామంది సొంత జేబులోంచి తీసిచ్చారు. ఇక్కడ సొమ్ము జనానిది, పేరు నాయకుడిది. ప్రజాధనంతో నడిచే సంస్థకు గానీ, పథకానికి గానీ రాజకీయ నాయకుల పేర్లు పెట్టరాదని రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలు చట్టం చేయాలి. ఆ బిల్లు ముందుగా ఏ పార్టీ ప్రవేశపెడుతుందో చూద్దాం.