మూడు జాతీయ పార్కులున్నాయి సరే, మధ్యలో దారులేవి?

2024 ఏప్రిల్ ఆఖర్లో మన హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడ దూకి ఓ చిరుత లోపలికొచ్చింది. అటవీ శాఖ సిబ్బంది బోన్లు పెట్టి, మేకను ఎరగా కట్టి, రోజుల తరబడి కాపు కాసి పట్టుకున్నారు. తర్వాత నల్లమలలో వదిలారు. 2020 లాక్‌డౌన్‌లో కాటేదాన్ దగ్గర రోడ్డు మీదే పడుకున్న చిరుత వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025లో మంచిరేవుల వైపు ఇంకోటి కనిపించింది. ఎప్పుడైనా వార్త ఒకటే, 'జనావాసాల్లోకి చిరుత'.

ఈ చోట్లన్నీ నగరానికి పడమర, దక్షిణ అంచుల్లోనే ఉన్నాయి. అనంతగిరి గుట్టల నుంచి మూసీ, ఈసీ వాగులు గండిపేట, హిమాయత్‌సాగర్‌లకు వచ్చేది ఇటునుంచే. బండరాళ్లు, తంగేడు పొదలు, సీతాఫలం చెట్లున్న ఈ నేలను రియల్ ఎస్టేట్ భాషలో 'ఖాళీ జాగా' అంటున్నారు. నెమలికి, ముళ్లపందికి, కుందేలుకి, వాటి వెనకాల వచ్చే చిరుతకి అది ఇల్లు.

మనకు మూడు జాతీయ పార్కులున్నాయి. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్లు. చిలుకూరు మృగవని 3.6. జూబ్లీహిల్స్ దగ్గరి కేబీఆర్ అయితే రెండు కూడా లేదు. చుట్టూ కంచె, కంచె అవతల ట్రాఫిక్. ఇంత చిన్న చోట బందీ అయిన జింకల మంద తరతరాలుగా తనలో తానే జత కడుతుంది, రోగమొస్తే పారిపోయే చోటుండదు. కేబీఆర్ చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని, అంటే పార్కు అంచు బయట నిర్మాణాలపై ఆంక్షలుండే మేరను, 2020లో కొన్నిచోట్ల మూడు మీటర్లకే పరిమితం చేశారు. ఒక కారు పొడవు కూడా లేదది! నాకైతే ఇది రక్షణలా అనిపించదు.

గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో, 84 గ్రామాల్లో నిర్మాణాలకు అడ్డుకట్ట వేసి తెలియకుండానే అడవి జంతువులకూ మేలు చేసింది. దాన్ని ఎత్తేయాలని 2023లో మంత్రివర్గం నిర్ణయించినప్పుడు నీళ్ల గురించి చర్చ జరిగింది, జంతువుల దారుల గురించి దాదాపు జరగలేదు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద చెట్లు కూలుస్తున్న బుల్డోజర్లను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది, మంచిదే. కానీ ఒక్కో 400 ఎకరాల కోసం కోర్టు మెట్లెక్కుతూ కూర్చుంటే మిగతా ముక్కల మాటేంటి?

ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగ్ రోడ్డు వస్తోంది. ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ మీదుగా చౌటుప్పల్ దాకా. నర్సాపూర్‌లో అడవి ఉంది. మన ఊరి మీదుగా వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి మీదే, పెంచ్ పులుల అడవి దగ్గర, రోడ్డును పైకి లేపి కింద జంతువులకు దారి వదిలారు. పులులు, దుప్పులు ఆ దారుల్లో నడవడం కెమెరాల్లో రికార్డయింది. నాగపూర్ దాటాక సాధ్యమైంది నర్సాపూర్‌లో ఎందుకు కాదు? రోడ్డు వేశాక దారి తవ్వాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి టెండర్ పత్రాల్లోనే ఆ అండర్‌పాస్‌లు రాయాలి. మూసీ, ఈసీ వాగుల గట్ల వెంట కట్టడాలు రాకూడని బఫర్ జోన్లను చెట్లతో సహా అటవీ శాఖకు అప్పగించాలి. లేఅవుట్లకు అనుమతులిచ్చే టేబుల్ మీద జంతువుల దారుల మ్యాప్ కూడా ఉండాలి.