మామ గ్యాలరీలో మీ ఆధార్

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక అంతర్జాతీయ న్యాయ ప్రకటన వెలువడింది. నా ఫోటోలు, నా మెసేజీలు, నా వివరాలు వాడుకునే హక్కు ఫేస్‌బుక్‌కు గానీ దాని అనుబంధ సంస్థలకు గానీ ఇవ్వడం లేదు, ఇందుకు రోమ్ శాసనమే ఆధారం అని దాని సారాంశం. షేర్ చేస్తే పనిచేయదు, కాపీ చేసి పేస్టు చేస్తేనే పనిచేస్తుందని అడుగున ఒక హెచ్చరిక కూడా ఉంది. మంత్రమన్నాక ఎవరి నోటితో వాళ్లే జపించాలి కదా.

పంపింది తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మామ. ఇది ప్రైవసీ మీద రాస్తున్న వ్యాసం కాబట్టి ఆయన పేరు చెప్పను. రిటైరైన ఆఫీసు, కారు నంబరు, నిన్నటి షుగర్ రీడింగు ఎవరికైనా కావాలంటే ఆయన స్టేటస్‌లో చూసుకోవచ్చు.

రోమ్ శాసనం ఆషామాషీది కాదు. 1998లో రోమ్‌లో కుదిరిన ఒప్పందం అది. నరమేధాలను, యుద్ధ నేరాలను విచారించే హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దాని కిందే నడుస్తుంది. మన దేశం దాని మీద సంతకం కూడా పెట్టలేదు. అయినా సరే, గోవిందరాజస్వామి గుడి ముందు మామ తీసుకున్న సెల్ఫీని జుకర్‌బర్గ్ ముట్టుకున్నాడా, ఊచకోతలు చేసిన సైన్యాధిపతుల పక్కన బోనులో నిలబడాల్సిందే. ఖాతా తెరిచిన రోజు చదవకుండా ఒప్పుకున్న షరతులు ఇలాంటి పోస్టుతో రద్దు కావని లాయర్లు అంటారు. లాయర్లకు భక్తి తక్కువ.

ఈ ప్రకటన వెలువడిన పావుగంటకే అదే గ్రూపులో మామ మనవరాలి ఇంటర్ హాల్ టికెట్ పెట్టాడు. "మన పాప పరీక్షలు. అందరూ ఆశీర్వదించండి" అని. పిల్ల ఫోటో, సంతకం, అమ్మానాన్నల పేర్లు, కాలేజీ, పరీక్షా కేంద్రం, ఏ రోజు ఏ పేపరు, ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు ముగింపు, అన్నీ స్పష్టంగా కనపడేట్టు, వెలుతురు బాగా పడేట్టు తీసిన ఫోటో. గ్రూపంతా దండాల బొమ్మలు పెట్టింది. వాటర్ క్యాన్లు వేసే కుర్రాడు కూడా "ఆల్ ది బెస్ట్" అన్నాడు. వాడు గ్రూపులో ఎందుకున్నాడని అడక్కండి. క్యాన్లు వేస్తాడు కాబట్టి ఉన్నాడు.

వాట్సాప్ మెసేజీలకు 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవడానికి వీల్లేదు. అంటే మామ మనవరాలి పరీక్షా కేంద్రం వివరాలు అమెరికాకు చేరే ప్రమాదం లేదు. కాలనీ మొత్తానికి, ఇదివరకు ఇక్కడ అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లిపోయినా గ్రూపులోంచి పోనివాళ్లకు, ప్లాట్లు అమ్మిపెట్టే బ్రోకర్లకు మాత్రమే చేరాయి. వీళ్లంతా మనవాళ్లే. ప్రైవసీ అనేది కాలిఫోర్నియా నుంచి కాపాడుకోవాల్సిన వస్తువు గానీ, మా ఊళ్లోని కొర్లగుంట నుంచి కాదని మామ సిద్ధాంతం. మూడు వంతుల తిరుపతిది ఇదే సిద్ధాంతం.

ఇక బయటి ఊళ్లవాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. తిరుపతిలో ఇల్లున్న ప్రతి మనిషి ఫోనూ ఒక ఆధార్ కార్యాలయం. హైదరాబాద్ నుంచి తోడల్లుడు, బెంగళూరు నుంచి మేనకోడలి ఆఫీసులో బాసు, ఎప్పుడో వేలూరు ఆస్పత్రిలో పక్క మంచం మీద పరిచయమైన నెల్లూరాయన, అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు. "బాగున్నారా? ఆరోగ్యం ఎలా ఉంది?" మామ తన ఆరోగ్యం గురించి టైపు చేసేలోపే టింగు టింగుమంటూ ఆధార్ కార్డులు దిగుతాయి. ముందు వైపు, వెనక వైపు. తాతవి, అవ్వవి, కొత్త కోడలివి. పన్నెండేళ్లలోపు పిల్లలకు మూడొందల రూపాయల దర్శనం టికెట్ అక్కర్లేదని తెలిసినా, ఎందుకైనా మంచిదని మొన్న పేరు పెట్టిన పసిబిడ్డది కూడా. ఆఖర్లో ఒక మాట: "దర్శనం ఏమన్నా చూస్తారా?"

చూడకుండా ఎట్లుంటాడు? మామ వాటిని దర్శనానికి సిఫార్సు లెటర్ ఇప్పిస్తానన్న మనిషికి పంపుతాడు. ఆయన ఇంకో మనిషికి, ఆ మనిషి కొండ మీద రూము చూస్తానన్న మరొకాయనకు. నాలుగు చేతులు మారాక "ఈ తేదీకి కష్టం సామీ" అని జవాబు వస్తుంది. నెల్లూరాయనకు దర్శనం కాదు. ఆయన ఆధార్ మాత్రం తిరుపతిలో నాలుగు ఫోన్లలో స్థిరపడిపోతుంది.

పోయిన దీపావళికి మామ ఫోను తనంతట తనే "జ్ఞాపకాలు" అని ఒక వీడియో చేసి పెట్టింది. వెనక మెత్తగా వయొలిన్. మొదట మనవరాలి పుట్టినరోజు కేకు. తర్వాత కాణిపాకం గుడి కోనేరు. తర్వాత ఒకావిడ ఆధార్ కార్డు, నెమ్మదిగా దగ్గరకొస్తూ, అంచుల్లో పూలు రాలుతూ. ఆ వెంటనే అదే కార్డు వెనక వైపు, డోర్ నంబరుతో సహా.

"ఎవురీయమ్మ?" అంది అత్త, గొంతు మార్చి.

మామ కళ్లజోడు పెట్టుకుని చానాసేపు చూశాడు. "గుర్తులేదు గానీ మంచి మనిషే. దర్శనానికే వచ్చింటాది" అన్నాడు.

మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుందని, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుందని, పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనపడతాయని, అన్ని అంకెలూ అక్కర్లేని చోట అది ఇస్తే చాలని ఆయనకు వివరించిన వాళ్లున్నారు. "అంకెలు దాచిపెట్టి పంపితే మనల్ని నమ్మలేదనుకోరా?" అన్నాడు మామ. పాతవైనా తీసేయమంటే ఇంకా నొచ్చుకున్నాడు. "మళ్లీ వస్తారు కదప్పా. మళ్లీ పంపమని అడిగితే బాగుంటుందా?" అతిథి మర్యాదకు ఇంత గొప్ప నిర్వచనం నేను ఇంకెక్కడా వినలేదు. ఫోటోలు వాటంతటవే ఫోన్లోకి దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపొచ్చన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆపడు.

చట్టం ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కు, రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే ఆర్టికల్ 21లో అంతర్భాగం అని తీర్పు చెప్పారు. రిటైరయ్యాక మనిషి ఖాళీగా ఉంటే ఏం చేస్తాడో చెప్పలేం. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. మామ ఫేస్‌బుక్‌కు వచ్చాడు.

ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమాచారాన్ని సరిగ్గా కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. ఈ ఒక్క వాక్యం పేపర్లో చదివిన రోజు మామలో గోప్యతా చైతన్యం ఉప్పొంగింది. "అయితే మనకెంత వస్తుందప్పా?" అని పొద్దున్నే ఫోన్ చేశాడు. మనకేమీ రాదు, జరిమానా మొత్తం కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి జమ అవుతుంది అని చెప్పాల్సి వచ్చింది. పైగా ఉత్తుత్తి ఫిర్యాదు చేస్తే మనమే పదివేల దాకా కట్టాలి. అవతలి వైపు కాసేపు నిశ్శబ్దం. "అయినా మనం దొంగతనం చేసినామా, దోపిడీ చేసినామా, దాచుకునేదానికి?" అన్నాడు చివరికి. ఆయన గోప్యతా ఉద్యమం అలా కాఫీ వేళకే విరమించబడింది.

ఆ చట్టంలో మామకు నచ్చే సెక్షన్ వేరే ఉంది. తన వివరాలను తనే బహిరంగంగా పెట్టుకున్న మనిషి విషయంలో, ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదు. దీనికి చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ కూడా సోషల్ మీడియాదే. అంటే ఫేస్‌బుక్‌లో పబ్లిక్ అని పెట్టి పుట్టినరోజు, పెళ్లిరోజు, సొంతూరు, చదివిన బడి, బైపాస్ ఆపరేషన్ తేదీ రాసుకున్న మనిషిని కాపాడే బాధ్యత నుంచి పార్లమెంటు మర్యాదగా తప్పుకుంది. తప్పు పట్టలేం. పుట్టిన సంవత్సరమే ఫోన్ పిన్ నంబరుగా, అదే ఏటీఎం పిన్‌గా పెట్టుకున్న మనిషిని ఏ పార్లమెంటు కాపాడుతుంది?

పిల్లల విషయంలో చట్టం ఇంకా పట్టుదలగా ఉంది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలట, అదీ నిర్ధారించుకోదగ్గ అనుమతి. ఈ నియమం రాసినవాళ్లు ఏ కాలంలో ఉన్నారో. బిడ్డ ఇంకా బొడ్డుతాడు ఊడకముందే, చేతికి ఆస్పత్రి పట్టీ ఉండగానే, కాన్పు అయిన టైము, బరువు, డాక్టరమ్మ పేరుతో సహా స్టేటస్ పెట్టేది ఆ తల్లిదండ్రులే. తర్వాత తలనీలాలు తీయించిన ఫోటో, గుండు మీద గంధంతో. ఆ తర్వాత గోచి కూడా లేకుండా బకెట్లో కూర్చోబెట్టిన ఫోటో, దానికి మేనత్తలు, పిన్నమ్మలు పెట్టే ముద్దుల బొమ్మలు. ఆ బిడ్డ పెరిగి ఉద్యోగానికి పోయినప్పుడు ఎదుటివాడు పేరు కొట్టి వెతికితే ఏమొస్తుందో ఎవరికీ పట్టదు. ఇది హాస్యం కాదు గానీ, రాసేది వ్యంగ్య వ్యాసం కాబట్టి ముందుకు పోదాం.

దొంగల సంగతి కూడా చూడాలి. వాళ్లవీ కుటుంబాలే. ఒకప్పుడు తాళం వేసిన ఇల్లు కనిపెట్టాలంటే ఎంత శ్రమ! గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు తీసుకున్నారా లేదా, వరండాలో పేపర్లు ఎన్ని పడున్నాయి, ముగ్గు నిన్నటిదా ఇవాళ్టిదా అని వీధి వీధీ తిరగాలి. కుక్కలు మొరుగుతాయి. ఇప్పుడు పౌర్ణమి వస్తే చాలు, "అరుణాచలం గిరిప్రదక్షిణ, ఫ్యామిలీతో" అని స్టేటస్. స్థానికుల కోటా దర్శనం నెలలో మొదటి మంగళవారం. ఆ రోజు పొద్దున అలిపిరి పాదాల మండపం దగ్గర ఇంటిల్లిపాదీ సెల్ఫీ. వెనక ఎవరూ మిగల్లేదని రుజువుగా, తొంభై ఏళ్ల అవ్వ కూడా కుర్చీలో. కష్టపడేవాళ్లకు సమాచారం అందుబాటులోకి తేవడమే కదా డిజిటల్ ఇండియా ఆశయం.

న్యాయంగా చెప్పాలంటే, తిరుపతివాళ్లకు ఏకాంతం అంటే తెలియక కాదు. స్వామివారికి రోజూ రాత్రి ఏకాంత సేవ ఉంది. నైవేద్యం వేళ తెర ఉంది. అంత పెద్ద దేవుడు కూడా రోజులో కొంతసేపు ఎవరికీ కనపడకుండా ఉంటాడు. భక్తుడు ఉండలేడు. కొండ మీద గుడిలోకి ఫోన్ తీసుకెళ్లకూడదు, ముందే డిపాజిట్ చేయాలి. మన జిల్లాలో మనిషి చేతిలో ఫోన్ లేకుండా గడిపే సమయం అంటూ ఉంటే అది క్యూ కాంప్లెక్స్‌లోనే. అక్కడైనా గుట్టుగా ఉంటామా? పక్కన కూర్చున్న సేలం ఆయనకు, తెలుగు సగమే అర్థమయ్యే మనిషికి, కంపార్ట్‌మెంట్ తలుపు తెరిచేలోపు మామ తన పెన్షన్ ఎంతో, అల్లుడు కువైట్ నుంచి ఎంత పంపుతున్నాడో, రెండో కూతురి సంబంధం ఎందుకు చెడిపోయిందో చెప్పేశాడు. బయటికొచ్చి ఫోన్లు చేతికందాక ఇద్దరూ నంబర్లు మార్చుకున్నారు. వచ్చే ఏడాది ఆయన ఆధార్లు కూడా వస్తాయి.

ఇంత రాశాక మామకు ప్రైవసీ సెట్టింగులు బొత్తిగా రావని మీరనుకుంటే పొరపాటు. ఒక్కటి వచ్చు. అది ఆయన మనవడిని అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, తనంతట తనే నేర్చుకున్నాడు. బ్లూ టిక్కులు తీసేయడం. దానికి తోడు లాస్ట్ సీన్ కూడా. వైకుంఠ ఏకాదశి ముందు వారం దర్శనాల మెసేజీలు కుప్పలు తెప్పలుగా పడుతుంటే, చూసి కూడా చూడనట్టు ఉండే ఏర్పాటు ఒకటి ఫోన్లో ఉందని కనిపెట్టాడు. "చూడలేదు నాయనా, ఫోన్ సైలెంట్లో ఉండాది" అని చెప్పుకునే వీలు చిక్కింది. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించిన ప్రశాంతత తొమ్మిది మంది జడ్జిలు కలిసి ఇచ్చిన తీర్పు కూడా ఇవ్వలేకపోయింది.

ఆ సంతోషంలో కపిలతీర్థం వెళ్లి, జలపాతం ముందు నిలబడి ఫోటో తీసుకుని, టైముతో సహా స్టేటస్ పెట్టాడు. రెండు నిమిషాలకు హైదరాబాద్ తోడల్లుడు దాని కిందే రాశాడు: "ఖాళీగానే ఉన్నట్టున్నావే. ఆధార్లు పంపాను, చూశావా?"