ఉమ్మడి కుటుంబం బతికే ఉంది, సచివాలయం కంప్యూటర్లో

ఉమ్మడి కుటుంబాలు పోయాయని వాపోయే పెద్దమనుషులకి శుభవార్త. పట్నం ఉద్యోగాలొచ్చి ఇళ్లు ముక్కలయ్యాయని సోషియాలజీ పుస్తకాల్లో చదివిందంతా మర్చిపోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబం నిక్షేపంగా ఉంది, 2019లో పుట్టిన గ్రామ, వార్డు సచివాలయాల కంప్యూటర్లలో. ఎవరు ఏ కుటుంబమో అందులో ముడేసి పెట్టడాన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. ముసలాళ్లకి పింఛను వస్తుందో రాదో తేలేది ఆ ముడిని బట్టే.

జనగణన వాళ్లు పాపం అమాయకులు, ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లని ఒక కుటుంబం అనుకుంటారు. మ్యాపింగ్‌కి పొయ్యితో పనిలేదు. కొడుకూ కోడలూ బెంగళూరులో, తల్లి ఊళ్లో ఒంటరిగా ఉన్నా, కంప్యూటర్లో కలిసున్నారంటే కలిసున్నట్టే. వాడు ఈఎంఐ మీద కారు కొంటే, పింఛనుకి అర్హులెవరో తేల్చే ఆరంచెల వడపోతలో తల్లి కారున్న మహారాణి. వాడు ఇన్‌కమ్ ట్యాక్స్ కడితే ఈవిడ కట్టినట్టే. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటితే అంతా ఏసీలో పడుకున్నట్టే, ఆ మీటరు ఎవరిదో ఈవిడ ఆధార్‌కి అతుక్కున్నదైనా సరే.

అసలు ముచ్చటంతా కౌంటర్ దగ్గర.

"మామ్మా, మీవాడికి కారుందిగా?"

"ఏమో నాయనా, నేను చూడలేదు."

"సిస్టమ్‌లో చూపిస్తోంది."

"వాడే రాలేదు, వాడి కారెలా వచ్చింది?"

"మ్యాపింగ్‌లో మీవాడి నుంచి మీరు స్ప్లిట్ అవ్వాలి, అంటే వేరుపడాలి."

"సరే, చెయ్యి."

"ఆప్షన్ పైనుంచి ఇంకా ఇవ్వలేదు. ఇచ్చినా కారణం కావాలి. పెళ్లో, విడాకులో."

"మా ఆయన పోయి పదేళ్లయింది బాబూ, విడాకులు ఎవరికివ్వను?"

ఆ కుర్రాడు తలెత్తడు. ఎలా ఎత్తుతాడు, తను ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి వాళ్లమ్మకీ పింఛను లేదు.

తెలివైనవాళ్లు ముందే సర్దుకుంటారు, కార్డుకి ఒక్క పింఛనే అని తెలిసి ఒకే వంటింట్లో రెండు రేషన్ కార్డులు పెట్టుకుంటారు. కాగితం మీద వేరుపడితేనే గడిచేలా రూలు పెట్టినవాళ్లే మైకు పట్టుకుని కుటుంబ విలువలు చెబుతారు.

ప్రభుత్వం మారింది, పింఛను 4000 అయింది, మ్యాపింగ్ బుద్ధి మాత్రం మారలేదు. ఆ కారులో ఆవిడ ఒక్కసారైనా ఎక్కిందా, కొడుకు నెలకి వంద రూపాయలైనా పంపుతున్నాడా అని ఆ ఆరు అంచెల్లో ఒక్కచోటా అడగరు. తల్లిదండ్రుల్ని చూడని కొడుకుల మీద 2007 నుంచీ చట్టం ఉంది. దాన్ని వాడి మీద ప్రయోగించడానికి మీకు చేతులు రావు గానీ, ముసలావిడ నోటికాడి కూడు లాక్కోవడానికి ఒక్క క్లిక్కు చాలు. వాడు వదిలేశాడు, వాడి కారు చూపించి మీరూ వదిలేశారు. సిగ్గుండక్కర్లేదా?

పైగా అర్జీ పెట్టుకోవాలంటే ఓటీపీ చెప్పాలట. అదెళ్లేది కొడుకు ఫోనుకి. వాడు ఫోనెత్తే రకమే అయితే ఈవిడ మీ గుమ్మం ఎందుకు ఎక్కుతుంది?