శ్రీయుత సజెషన్ గారికి, కేరాఫ్ జెరాక్స్ కొట్టు

మహారాజశ్రీ సజెషన్ గారి సముఖమునకు,

ప్లస్ త్రీ ఎకనామిక్స్ ఆనర్స్ ఐదో సెమిస్టరు చదువుతున్న (చదువుతున్నానని ఇంట్లో నమ్ముతున్న) పర్లాకిమిడి కుర్రాడు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. ఇక్కడ బరంపురంలో నేనూ, నా నాలుగో సెమిస్టరు బ్యాక్ పేపరూ క్షేమం. తమరు కూడా కాలేజీ గేటు ఎదుటి జెరాక్స్ కొట్టులో, గాజు బల్ల కింద, ఆధార్ కార్డు కాపీలకీ పాస్‌పోర్టు సైజు ఫోటోలకీ మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరెవరో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇచ్ఛాపురం దాటి అటు వెళితే తమర్ని "ఇంపార్టెంట్లు" అంటారు. ఒడిశాలో మాత్రం తమరి పేరు సజెషన్. ఆ పేరు వింటే ఎవరో పెద్దమనిషి మర్యాదగా సలహా చెబుతున్నట్టుంటుంది. చేసే పని మాత్రం జోస్యం. రేపు పేపర్లో ఏ ప్రశ్నలొస్తాయో చెప్పే ఒకటిన్నర పేజీ పంచాంగం తమరు. ప్రశ్న పక్కన ఒక నక్షత్రం ఉంటే రావచ్చు, రెండుంటే వస్తుంది, మూడుంటే రాకపోతే అడుగు. మా ఊరి పంతులుగారు 27 నక్షత్రాలు పెట్టుకుని చెప్పలేనిది తమరు మూడింటితో తేల్చేస్తారు.

సరిహద్దుకి అటువైపు మా మేనత్త కొడుకు ఉన్నాడు. పలాసలో డిగ్రీ. నేను ప్లస్ త్రీలో చేరానని ఫోన్లో చెబితే, "ప్లస్ త్రీయా? అదేటిరా, రక్తపరీక్ష రిపోర్టా?" అన్నాడు. ఇక్కడ ఇంటర్‌ని ప్లస్ టూ అనీ, డిగ్రీని ప్లస్ త్రీ అనీ అంటారు బావా అని వివరించాను. రెండేళ్ళు దాటినా వాడికి ఆ నవ్వు ఆగలేదు. పోతే వాడికి సప్లీలు, నాకు బ్యాకులు. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాలో చాలా భాగం మద్రాసు నుంచి ఒడిశాకి మారినప్పుడు ఏ ఊరు ఎటు పోవాలని అందరూ తెగ వాదించుకున్నారు గానీ, తప్పినవాణ్ణి ఏమని పిలవాలన్నది ఎవరూ తేల్చలేదు. చెరో పేరు పెట్టుకున్నాం.

మా అమ్మకి ఇవేవీ తెలియవు. "గిరి గారు పుట్టిన ఊళ్ళో సదువుతున్నాడు మావోడు" అని వీధంతా చెప్పుకుంటుంది. వి.వి. గిరి గారు 1894లో బరంపురంలో పుట్టి, 1969లో రాష్ట్రపతి అయిన మాట నిజమే. ఆ గాలి పీల్చినందుకు నాకు కనీసం ఫస్ట్ క్లాసైనా వస్తుందని ఆవిడ లెక్క.

ఇక తమరితో నా పరిచయం సంగతి. మొదటి సెమిస్టరులో నాకు స్నేహితుడన్నవాడు లేడు. పర్లాకిమిడిలో పుట్టినవాడికి ఒడియా రాకుండా ఉండదు, కానీ నా ఒడియాలో తెలుగు యాస పలుకుతుంది. వెనక బెంచీ నవ్వేది. సరే, మనవాళ్ళు కదా అని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిల్లల దగ్గర కూర్చుంటే, "నీ తెలుగు ఒడియాలా ఉందిరా" అని వాళ్ళూ నవ్వేవాళ్ళు. రెండు రాష్ట్రాల వాళ్ళని ఒకే నోటితో నవ్వించగలిగిన కళాకారుణ్ణి అయ్యుండీ మెస్సులో ఒక్కణ్ణే కూర్చుని డాల్మా తినేవాణ్ణి.

నా పక్క సీటులో ఛత్రపూర్ కుర్రాడు ఒకడుండేవాడు. మూడు నెలలు పక్కపక్కనే కూర్చున్నాం. పెన్ను కూడా అడిగి ఎరగడు. పరీక్షలు వారం ఉన్నాయనగా ఒక పొద్దున్న నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "సజెసన్ ఆసిలా కి?" అన్నాడు. సజెషన్ వచ్చిందా అని. పెళ్ళివారు వచ్చారా అన్నంత ఆత్రంగా అడిగాడు. రాలేదన్నాను. ఇద్దరం కలిసి జెరాక్స్ కొట్టుకి వెళ్ళాం, అక్కడా రాలేదు. టీ తాగాం. సాయంత్రం మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ టీ తాగాం. తమరు వచ్చేసరికి మేము ఎనిమిది టీల స్నేహితులం. ఇప్పుడు వాడు నా రూమ్మేటు. తమరు ఆలస్యంగా రావడం వల్ల జరిగిన మంచి ఇది, ఒప్పుకోవాలి.

అంతెందుకు, మా క్యాంపస్‌లో మనిషికీ మనిషికీ మాట కలిపేది తమరే. సెమిస్టరంతా అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలు తప్ప ఇంకేమీ ఉండవు. పరీక్షలు దగ్గర పడగానే ఆ పూలన్నీ వాడిపోయి, "ఎవరి దగ్గరైనా ఉందా", "పేజీ 2 క్లియర్‌గా లేదు", "ఇది పోయినేడాదిది కదా" అని రాత్రి రెండింటి దాకా సంసారం. తమర్ని ముందు సంపాదించినవాడు ఆ వారం రోజులూ మా క్లాసుకి జమీందారు. పోయిన వారం వాడి పేరు కూడా ఎవరికీ తెలియదు.

తమరి వేషాలు మాత్రం వేరే చెప్పుకోవాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణీ యాత్ర జరిగితే మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. తమరు ఆరు నెలలకోసారి కడతారు. మొదట మామూలు సజెషన్. రెండు రోజులకి ఫైనల్ సజెషన్. ముందు రోజు రాత్రి సూపర్ ఫైనల్. తెల్లవారుజామున, ఎవరు పంపారో తెలియని నంబర్ నుంచి, "ఓన్లీ ఫర్ పాస్". మనిషి ఒక్కడే, రంగులు వేరు.

తమరి వంశవృక్షం కూడా కాస్త తిరగేశాను. అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అని ఒకాయన రాత్రి కాలేజీలో లా చదువుతూ, పుస్తకాలు కొనే స్తోమతు లేక లైబ్రరీలో కూర్చుని చేత్తో ఎక్కించుకునేవాడట. ఆ బాధ పడలేక కాపీ తీసే ఉపాయం వెతికాడు. 1938 అక్టోబర్ 22న మొదటి కాపీ పడింది. పుస్తకం మొత్తం రాసుకోవడం కష్టమై ఆయన యంత్రం కనిపెట్టాడు. అసలు పుస్తకమే అక్కర్లేదని మేము కనిపెట్టాం. ఏది గొప్ప ఆవిష్కరణో చరిత్ర తేల్చాలి.

తమర్ని మింగే పద్ధతి గురించి జర్మనీలో ఎబింగ్‌హౌస్ అనే పండితుడు 1885లోనే పుస్తకం రాశాడు. అర్థం లేని అక్షరాల గుంపులు తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క కట్టుకున్నాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా ఎగిరిపోయిందని తేలింది. మేము తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడి తమర్ని మింగుతాం, పదింటికి పేపరిస్తారు. అర్థం లేని అక్షరాలన్న మాటలోనూ తేడా లేదు.

పర్లాకిమిడి వాణ్ణి కాబట్టి నాకు ఇంకో సిగ్గు కూడా ఉంది. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే మేష్టారుగా పనిచేశారు. సవర పిల్లలకి చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. పిల్లలు నోట మాట్లాడే భాషలోనే చదవాలి, రాయాలి అని జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని చేసుకుంటాం. ఆ ఊరినుంచి వచ్చిన నేను ఏం చేస్తున్నానయ్యా అంటే, ఇంగ్లీషులో ఉన్న జవాబు పక్కన రూమ్మేటు ఒడియాలో రాసిన అర్థాన్ని, తెలుగులో గొణుక్కుంటూ బట్టీ కొట్టి, తిరిగి ఇంగ్లీషులో దించుతున్నాను. మూడు భాషలు దాటి వచ్చాక అందులో మిగిలేది కామాలు, ఫుల్‌స్టాపులు. ఆగస్టు 29న ఫోన్లో స్టేటస్ మాత్రం తప్పకుండా పెడతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. దయచేసి ఎవరికీ చూపించకండి.

తమరిని ఎవరు రాస్తారన్నది మా క్యాంపస్‌లో పెద్ద రహస్యం. ట్యూషన్ సార్ అంటారు, పేపరు సెట్ చేసేవాళ్ళ బంధువంటారు. నాలుగో సెమిస్టరు పరీక్షల ముందు ఒక రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. చదవడానికి లేదు, పడుకోవడానికి దోమలు. రూమ్మేటు "ఏవొస్తాయో నువ్వు చెప్పు" అన్నాడు. ఫోన్ లైటు వెలుగులో, సరదాకి, పది ప్రశ్నలు రాశాను. నాకు వచ్చినవాటికి మూడు నక్షత్రాలు పెట్టాను, సగం వచ్చినవాటికి రెండు. ఫిలిప్స్ కర్వ్ (ధరల పెరుగుదలకీ నిరుద్యోగానికీ ఉన్న లంకె చూపించే గీత) నాకు బాగా వచ్చు, దానికి మూడు. లారెంజ్ కర్వ్ అసలు రాయలేదు, ఎందుకంటే అది నాకు అర్థం కాలేదు. అర్థం కానిది పరీక్షలో రాదన్నది అప్పటి నా సిద్ధాంతం.

రెండు రోజుల తర్వాత జెరాక్స్ కొట్టు అన్న నన్ను చూసి కన్నుగీటి, "ఫైనల్ వచ్చింది, ఆరు రూపాయలు" అన్నాడు. కొన్నాను. నాలుగో చేతి కాపీ, సగం అక్షరాలు మసి. పైన ఎవరో "సార్ ఇచ్చారు" అని రాశారు. ఫిలిప్స్ పేరులో ఇంగ్లీషులో రెండు ఎల్‌లుంటాయి, నేనెప్పుడూ ఒకటే వేస్తాను. ఆ కాగితంలోనూ ఒకటే ఉంది. ఎవరో నాలాగే తప్పు రాస్తారే అనుకున్నాను. కింద చూస్తే పదో ప్రశ్న మీద దోమ చచ్చిన మరక కూడా కాపీలో పడింది. ఆ దోమను చంపింది నేనే.

అప్పుడైనా పారేయాలి కదా? పారేయలేదు. ఇంతమంది డబ్బులిచ్చి కొంటున్నారంటే ఇందులో ఏదో ఉండే ఉంటుందనుకుని, నేను రాసిన పది ప్రశ్నలూ భక్తిగా చదివాను.

పరీక్షలో ఫిలిప్స్ రాలేదు. "లారెంజ్ కర్వ్ గీసి వివరించుము" అని వచ్చింది. నాకొచ్చిన గీత ఒకటే కాబట్టి ఫిలిప్స్ కర్వే గీసి, కింద లారెంజ్ అని పేరు పెట్టాను. ఒక దేశంలో ఆదాయం ఎవరికెంత దక్కుతోందో చూపించే గీతట అది. నాకు 80కి 11 దక్కాయి. మా వరండాలో తొమ్మిదిమందికి బ్యాక్. ఫలితాలొచ్చిన రాత్రి అందరం టెర్రస్ మీద చేరి ఆ సజెషన్ రాసినవాణ్ణి తిట్టాం. "దొరికితే తన్నాలిరా వాణ్ణి" అన్నది నేనే. కాస్త గట్టిగానే అన్నాను.

మా క్లాసులో గుణుపూర్ అమ్మాయి ఒకర్తి ఉంది. మొదటి సెమిస్టరులో ఒకసారి ఆమెను సజెషన్ అడిగితే, "నా దగ్గర నోట్సున్నాయి, సజెషన్ లేదు" అంది. ఇదేదో కొత్త రకం గర్వం అనుకున్నాను. బ్యాక్ పరీక్ష దగ్గరపడ్డాక సిగ్గు విడిచి వెళ్ళి ఆ లారెంజ్ ఏమిటని అడిగాను. గేటు బయట గుప్‌చుప్ బండి దగ్గర (పానీపూరీకి ఇక్కడి పేరు) నిలబెట్టి చెప్పింది. "ఐదుగురున్నాం, పది గుప్‌చుప్‌లు. తలా రెండు తింటే గీత తిన్నగా మూల నుంచి మూలకి పోతుంది. నలుగురికి ఒక్కొక్కటి పెట్టి మిగతా ఆరూ నువ్వే తింటే కిందికి వంగుతుంది. ఎంత వంగితే అంత అన్యాయం." ఏడు నిమిషాలు పట్టింది. బండివాడు కూడా విని తలూపాడు. నేను అప్పటికే ఆరు తిని ఉన్నాను, డబ్బులు నేనే ఇచ్చాను.

నిన్న సాయంత్రం కొట్టు అన్న మళ్ళీ కన్నుగీటి బ్యాక్ వాళ్ళ కోసం వచ్చిన తమర్ని నా చేతిలో పెట్టాడు. లారెంజ్ కర్వ్ దగ్గర ఒక్క నక్షత్రం కూడా లేదు. "పోయినసారి వచ్చింది, ఇక రాదు" అని పక్కన రాసుంది. గుండ్రటి అక్షరాలు, ఒడియా రాసే చెయ్యి ఇంగ్లీషు రాసినట్టు. నా రూమ్మేటుది. పైన ఎవరో అప్పుడే "సార్ ఇచ్చారు" అని చేర్చేశారు.

పది రూపాయల నోటిచ్చి కొనుక్కున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు, కొనుగోలుదారు,
ఒకప్పటి తమ రచయిత.

తా.క.: కొట్టు అన్న నాకు నాలుగు రూపాయలు చిల్లర బాకీ. అందులో రచయితగా నా వాటా కలపలేదు.